భూమి పద్దులు వ్రాసిన మహనీయులు: శ్రీ జె. సి. కుమారప్పగారి జీవితము

మహాసభా సంచికలయందు మన కులమున జన్మించి కీర్తి గాంచిన పెద్దల చరిత్రములను ప్రకటించుట మనకు ఆచారము. ఈ పర్యాయము ఆ ఆచారమును కొంచెము అతిక్రమించుచున్నాము. మేమిందు వ్రాయబూనిన మహనీయులు మన కులమువారు కారు, మన మతమువారును కారు, ఆంధ్రులును కారు. తంజావూరున క్రైస్తవ కుటుంబమున బుట్టి, లండను నగరమున లెక్కల విద్యను, అమెరికాలో అర్థశాస్త్రమును అభ్యసించిన తమిళులు. అయినను మన పెద్దలు తరతరములుగా నమ్ముకొనిన గానుగను జూచి నవ్వక, దాని విలువ యెంతయో లెక్క గట్టి లోకమునకు జూపిన అర్థశాస్త్రజ్ఞులు వారు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. భూమి, అడవి, నీరు, పశువు, గని అను వీనినుండి మనుష్యుడు ఏది తీసికొనవచ్చును, ఏది తీసికొనరాదు అను ప్రశ్నను, పర్యావరణ పరిరక్షణమను మాట జనసామాన్యమున ఇంకను వ్యాపింపని కాలముననే, వర్తకుడు ఖాతా పుస్తకమును విప్పినట్లు విప్పి విచారించినవారు వారు.

ఈ సంవత్సరము మహాసభ యెదుట నున్న యొక తీర్మానమునకును ఈ చరిత్రమునకును సంబంధము కలదు. దానిని తుదను మనవి చేసెదము.

జననము, విద్య

కుమారప్పగారు 1892వ సంవత్సరము జనవరి 4వ తేదీన తంజావూరున జన్మించిరి. తల్లిదండ్రు లిడిన పేరు జోసెఫ్ చెల్లదురై కార్నీలియస్. తండ్రిగారు ప్రభుత్వ మరామతు శాఖలో ఉద్యోగి. తల్లిగారు దైవభక్తియు దానశీలమును గల యిల్లాలు. చెన్నపట్టణమున చదువు ముగించిన పిదప కుమారప్పగారు లండనుకు బోయి, లెక్కల తనిఖీ విద్యయందు ఉత్తీర్ణులై, కొంతకాల మచటనే పనిచేసి, 1919లో స్వదేశమునకు మరలివచ్చిరి. బొంబాయిలో నొక ఆంగ్లేయ కంపెనీయందు కొలువు చేసి, అటుపిమ్మట భాగస్వామితో గూడి సొంత తనిఖీ కార్యాలయమును నెలకొల్పిరి. వేషభాషలు దొరలవి. సంపాదనకు లోటు లేదు. ఆ దారినే బోయినచో బొంబాయి ధనవంతులలో నొకరై, పేరు మిగులక గతించియుందురు.

1927లో వారు అమెరికాకు బోయిరి. సిరక్యూసు విశ్వవిద్యాలయమున వ్యాపార నిర్వహణ పట్టమును 1928లో బొంది, న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రభుత్వాదాయ వ్యయముల శాస్త్రమును అభ్యసింప మొదలిడిరి. ఆ కాలమున వారొక క్రైస్తవ దేవాలయమున, భారతదేశ మేల పేదదైనదను విషయముపై ఉపన్యసించిరి. ఆ వార్త పత్రికలో బడెను. అది చూచిన ఆచార్య సెలిగ్మనుగారు ఆ విషయమునే పరిశోధన గావింపుడని వారికి సలహా యిచ్చిరి. అంతవఱకు కంపెనీల పద్దులను మాత్రమే తనిఖీ చేసిన కన్నులు తొలిసారిగ ఒక దేశము పద్దులను తనిఖీ చేసినవి. ఎవరివద్ద పన్ను వసూలగుచున్నది, ఎవరికొఱకు ఖర్చగుచున్నది అని వరుసగా చూచుకొని పోవ, దేశదారిద్ర్యమునకు కారణము ప్రజల సోమరితనము గాదనియు, పరిపాలకుల పద్దులలోనే యున్నదనియు వారికి స్పష్టమయ్యెను. స్వదేశమునకు మరలిన పిమ్మట కార్నీలియస్ అను పేరును విడిచి కుమారప్ప యను తమ పూర్వుల పేరును స్వీకరించిరి.

సబర్మతి దర్శనము

తాము వ్రాసిన పరిశోధన గ్రంథమును అచ్చువేయించు ప్రయత్నములో నుండగా, దానిని గాంధీజీకి జూపవలసినదని మిత్రులు చెప్పిరి. 1929 మే 9వ తేదీన కుమారప్పగారు దొరవేషముతోనే సబర్మతి ఆశ్రమమునకు బోయిరి. అనుకొనిన సమయమునకు ముందే చేరిరి కావున అటునిటు తిరుగుచు, ఒక చెట్టు క్రింద, అలికిన నేలపై కూర్చుండి రాట్నము వడకుచున్న యొక వృద్ధుని జూచి, చేతికఱ్ఱ యానుకొని నిలిచి చూచుచుండిరి. కొంతసేపటికి ఆ వృద్ధుడే వీరిని పేరు పెట్టి పలుకరింపగా ఆయనయే గాంధీజీ యని తెలిసెను. ఖరీదైన దుస్తులు మాసిపోవునను విచారము మాని ఆ నేలపైననే కూర్చుండిరి. ఆనాడు కూర్చున్నవారు మఱల లేవలేదనియే చెప్పవచ్చును. గ్రంథము యంగ్ ఇండియా పత్రికలో వరుసగా వెలువడెను. గ్రంథకర్త ఖద్దరు ధరించి గ్రామసేవకు దిగెను.

గాంధీజీ వారికి మొదట నప్పగించిన పని గుజరాతులోని ఖేడా జిల్లా మాతరు తాలూకా ఆర్థికస్థితిని పరిశీలించుట. కుమారప్పగారు గుజరాత్ విద్యాపీఠము విద్యార్థులను వెంటబెట్టుకొని గ్రామగ్రామమునకు బోయి, ఇల్లిల్లు దిరిగి, భూములెన్ని, పశువులెన్ని, అప్పులెంత, ఆదాయమెంత యని వ్రాసికొనిరి. సాగు ఖర్చులు పోగా రైతునకు మిగులునది స్వల్పమనియు, ఆ స్వల్పమును శిస్తు హరించుచున్నదనియు ఆ పరిశీలన తేటపఱచెను. 1931లో ప్రకటితమైన ఆ నివేదిక మన దేశమున గ్రామముల ఆర్థిక పరిశీలనలకు మార్గదర్శకమైన వానిలో నొకటి. ఉప్పు సత్యాగ్రహకాలమున యంగ్ ఇండియా పత్రికను నడపినందులకు వారు చెఱసాలకు బోయిరి. అటుపిమ్మటను మఱల మఱల బోయిరి.

బీహారు లెక్కలు

1934 జనవరి 15వ తేదీన బీహారు రాష్ట్రమును మహాభూకంపము నేలమట్టము చేసెను. సహాయనిధికి దేశము నలుమూలలనుండి ధనము వచ్చిపడెను. ఆ ధనమునకు లెక్క చూచుటకు కుమారప్పగారిని పిలిపించిరి. సేవకులు భోజనము నిమిత్తము దినమునకు మూడణాలకు మించి నిధినుండి వాడుకొనరాదని వారు నియమము పెట్టిరి. గాంధీజీ తమ పరివారముతో వచ్చినపుడు, ఆ పరివారపు పాలు, పండ్లు, మోటారు ఖర్చులు ఈ నియమమునకు మించునవి కావున నిధినుండి ఇయ్యజాలనని మొగమాటము లేక చెప్పివేసిరి. గాంధీజీ కోపింపలేదు, సంతసించిరి.

సంఘముల ధనమును చేతబట్టువారందఱును తెలిసికొనవలసిన కథ ఇది. అయినను మేమిచట దీనిని జెప్పుట వేఱొక కారణముచేత. నిధి తనది కాదు, రాబోవు అనాథలది; కావున తాను ధర్మకర్త మాత్రమే యనునది ఆ లెక్కల పండితుని పట్టుదల. తరువాత భూమిని గూర్చి వారు చెప్పిన సిద్ధాంతమంతయు ఈ పట్టుదలనుండియే మొలకెత్తినది.

మగన్‌వాడి

1934 డిసెంబరులో వార్ధాయందు అఖిల భారత గ్రామోద్యోగ సంఘము స్థాపితమయ్యెను. గాంధీజీ దానికి మార్గదర్శకులు, కుమారప్పగారు కార్యదర్శి. జమ్నాలాల్ బజాజుగారు తమ తోటను ఇయ్యగా, దానికి గాంధీజీ ఆంతరంగికులు కీర్తిశేషులగు మగన్‌లాల్ గాంధీగారి పేర మగన్‌వాడి యని పేరిడిరి. అచట దంపుడుబియ్యము, గానుగనూనె, తాటిబెల్లము, చేతికాగితము, తేనెటీగల పెంపకము మొదలగు పనులు సాగెను. గ్రామోద్యోగ పత్రికను కుమారప్పగారే నడపిరి.

మన గానుగ కథ యిచటనే వచ్చును. మన తాతల గానుగ మందమైనది, ఎద్దు అలసెడిది, నూనె కొంత పిండిలోనే నిలిచిపోయెడిది. మగన్‌వాడిలో శ్రీ జవేర్‌భాయి పటేలుగారు దానిని సంస్కరించి, తక్కువ శ్రమతో ఎక్కువ నూనె దిగునట్టి గానుగను రూపొందించిరి. కాని కుమారప్పగారి దృష్టి నూనె పాళ్లపై మాత్రమే నిలువలేదు. గింజ దూరపు మిల్లునకో, ఓడకెక్కి పరదేశమునకో పోయినచో గ్రామము పోగొట్టుకొను నదేమి యని వారు ప్రశ్నించిరి. నూనె డబ్బాలలో మరలి రావచ్చును. తెలకపిండి మాత్రము రాదు. పిండి లేక ఎద్దు చిక్కును. ఎద్దు చిక్కిన పేడ తఱుగును. పేడ తఱిగిన చేను చిక్కును. చేను చిక్కిన మఱుసటి యేటి గింజ తాలుపోవును. గానుగ ఊరిలోనే యున్నచో నూనె మనుష్యునకు, పిండి పశువునకు, పేడ నేలకు చేరి, నేల మఱల గింజ నిచ్చును. ఇట్లు గానుగయెద్దు తిరుగు వలయము కంటికి గనబడునది చిన్నది. దాని వెనుకనున్న ప్రకృతి వలయము పెద్దది. ఈ పెద్ద వలయమును మన పెద్దలు ఎఱుగుదురు గాని చెప్పలేకపోయిరి. చెప్పగలిగినవారు కుమారప్పగారు.

మగన్‌వాడిలోనే కిరసనాయిలునకు బదులు గింజల నూనెతో వెలుగు దీపమొకటి తయారయ్యెను. దానికి మగన్ దీపమని పేరు. చూచువారికి అది పిల్లలాటవలె దోచియుండును. కాని దానిలో గొప్ప లెక్క కలదు. కిరసనాయిలు భూగర్భమున కోట్ల యేండ్ల క్రిందట నిలువయైన సొత్తు. వాడినకొలది తఱుగునే గాని పెరుగదు. నువ్వులనూనెయో ఆముదమో ఈ యేటి యెండ, ఈ యేటి వాన, ఈ యేటి కష్టము కలసి ఇచ్చిన ఫలము; మఱుసటి యేడు మఱల వచ్చును. ఒకటి అసలు, ఒకటి వడ్డీ.

శాశ్వతార్థశాస్త్రము

1942 ఉద్యమకాలమున కుమారప్పగారు మఱల బంధితులై జబ్బల్పూరు చెఱసాలలో నుండిరి. అచట వ్రాసిన గ్రంథమే ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్, అనగా శాశ్వతార్థశాస్త్రము. 1945లో గాంధీజీ దానికి పీఠిక వ్రాసిరి. ఆ గ్రంథసార మిది. ప్రకృతియందు రెండు విధములైన సంపదలు కలవు. బొగ్గు, రాతినూనె, లోహములు మొదలగునవి నిలువనీటి వంటివి, తోడినకొలది అడుగంటును. అడవిలో ఏటేట పెరుగు కలప, పంట, పశుబలము మొదలగునవి పారునీటి వంటివి; వాడిక పెరుగుదలను మించనంతవఱకు తరుగవు. నిలువ సంపదపై కట్టిన నాగరకత ఎంత వైభవముగ నున్నను తాత్కాలికము. అదియు గాక, నిలువ తఱుగుచున్నకొలది దానికొఱకు దేశములు పోరాడక తప్పదు కావున ఆ నాగరకత హింసకు దారితీయును. పారు సంపదపై ఆధారపడిన జీవనమే శాంతికిని శాశ్వతత్వమునకును మూలము. కూర్చుండి తినిన కొండలైనను కరగునని మన ముసలమ్మలు చెప్పు సామెతను ఒక విశ్వవిద్యాలయ పండితుడు శాస్త్రముగా నిలిపినట్లు మాకు దోచును.

జీవులు బ్రదుకు విధానములను వారు అయిదు మెట్లుగా విభజించిరి. పులి మఱియొక ప్రాణిని చంపి బ్రదుకును. కోతి తాను నాటని తోటను కొల్లగొట్టి బ్రదుకును. పక్షి తన కష్టముతో గూడు కట్టుకొని బ్రదుకును. తేనెటీగ తనకొఱకే గాక పట్టునంతటికొఱకు కూర్చును. తల్లిపక్షి ప్రతిఫలము కోరక పిల్లలకొఱకు శ్రమించును. మనుష్యుడు మొదటి రెండు మెట్లను విడిచి పైమెట్ల కెక్కుటయే అభివృద్ధి యని వారి నిర్ణయము.

ఈ సిద్ధాంతము వారిచేత కేవల వేదాంతముగ నిలిచిపోలేదు. లక్ష జనాభా గల ప్రాంతమునకు సమతులాహారము కావలెనన్న ఏ పంట కెన్ని యకరములు కేటాయింపవలెనో పట్టిక వేసి చూపిరి. మిల్లులకొఱకు చెఱకు వేసి తిండిగింజల భూమిని తగ్గించుటకంటె, పంటకు పనికిరాని నేలలో పెరుగు తాడి, ఈత చెట్లనుండి బెల్లము దీయుట మేలనిరి. అడవులను ప్రభుత్వాదాయము నిమిత్తము గాక ప్రజావసరముల నిమిత్తము పాలింపవలెననియు, కలపకు కొన్ని, వంటచెఱకునకును గడ్డికిని కొన్నియు ప్రత్యేకింపవలెననియు వ్రాసిరి. ఊరి మలినమును ఎరువుగా మార్చుట పారిశుద్ధ్యము మాత్రమే గాక సంపదయని మగన్‌వాడిలో చేసి చూపిరి. యంత్రపు నాగలి నూనె త్రాగునే గాని పేడ వేయదని వాదించిరి.

స్వరాజ్యానంతరము

స్వరాజ్యము వచ్చిన పిమ్మట కాంగ్రెసు వ్యవసాయ సంస్కరణ సంఘమునకు కుమారప్పగారే అధ్యక్షులైరి. మన గుంటూరు మండలమునకు జెందిన ఆచార్య ఎన్. జి. రంగాగారును ఆ సంఘమున సభ్యులు. 1949లో వెలువడిన ఆ నివేదిక మధ్యవర్తుల రద్దును, దున్నువానికే భూమి యను సూత్రమును, భూమికి పరిమితిని కోరెను.

కాని దేశము నడచిన దారి వేఱు. పెద్ద యానకట్టలు, పెద్ద కర్మాగారములు, రసాయనిక ఎరువులు రాజ్యమేలినవి. అంతకు పూర్వము 1939 ప్రాంతముననే జాతీయ ప్రణాళికా సంఘమునుండి వారు వైదొలగియుండిరి. పూర్వపు సహచరులు మంత్రులైరి. వారి మోటారుల ధూళిలో కుమారప్పగారి మాట వినబడకపోయెను. వారిది ముక్కుసూటి స్వభావము. కోపము త్వరగా వచ్చెడిది. అనవలసిన దానిని మెత్తగా ననుట వారికి దెలియదు. ఆ కారణమున మిత్రులును కొందఱు దూరమైరి. దీనిని దాచుట చరిత్రకారుని ధర్మము గాదు.

దేహారోగ్యము చెడి, రక్తపుపోటు బాధింపగా, 1953 ప్రాంతమున వారు మధుర మండలమునందలి టి. కల్లుపట్టి గాంధీనికేతన ఆశ్రమము చేరి, చిన్న కుటీరమున నివసించిరి. వివాహము చేసికొనలేదు, ఆస్తి కూర్చలేదు. 1960 జనవరి 30వ తేదీన, సరిగా గాంధీజీ నిర్యాణమందిన తేదీనాడే, తమ 68వ యేట కుమారప్పగారు దేహము చాలించిరి.

ఆనాడు వారిని ఓడిపోయినవారిలో జమకట్టిరి. కాని 1973లో ఇ. ఎఫ్. షూమాకర్ అను ఆర్థికవేత్త చిన్నతనమే సొగసని చాటుచు ఇంగ్లండున ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథమున కుమారప్పగారి పేరు గౌరవముతో స్మరింపబడినది. భూగర్భపు నూనెను, బొగ్గును ఆదాయముగ గాక మూలధనముగ నెంచవలెనను మాట అటుపిమ్మట లోకమెల్ల వ్యాపించినది. నేడు బొగ్గు, రాతినూనెల పొగచేత ఆకాశమే వేడెక్కుచున్నదని శాస్త్రజ్ఞులు ఘోషించుచుండగా, ఆ చెఱసాల గ్రంథమును మఱల విప్పువారు పెరుగుచున్నారు.

మన మాట

కుమారప్పగారు చెప్పినదంతయు శిరసావహింపవలెనని మేము చెప్పము. వారి తరువాత వచ్చిన హరితవిప్లవము దేశమునకు తిండిగింజల కొఱత తీర్చినది. దానిని తృణీకరించుట కృతఘ్నత యగును. అయినను అదే కాలమున మన రాయలసీమ, తెలంగాణ పల్లెలలో బోరుబావులు వందల అడుగుల లోతునకు దిగి, చెఱువులు పూడి, ఎన్నో కుటుంబములు ఎండిన బోర్ల అప్పులలో మునిగినవి. అది నిలువనీటిని తోడి తినుట కాక మఱేమి? నువ్వులు, వేరుసెనగ, ఆముదము పండించు ఈ దేశము నేడు తాను వాడు వంటనూనెలో సగమునకు పైగా పరదేశములనుండి తెచ్చుకొనుచున్నది. అందు పెద్ద భాగము ఇండొనేషియా, మలేషియా దేశముల పామాయిలు. ఆ తోటలకొఱకు అచట మహారణ్యములు నఱకబడినవి. గానుగవారి బిడ్డలమైన మన వంటయింటి మూకుడులోనే ఎవరి అడవియో కాగుచున్నది.

ఇక మహాసభ యెదుటనున్న తీర్మానమును గూర్చి. మన సంఘస్థలమందలి పాత గానుగశాలను పడగొట్టి, వేపచెట్లను దీసివేసి, బావిని పూడ్చి, దుకాణముల వరుస కట్టవలెనని ప్రతిపాదన వచ్చినది. దానిని తెచ్చినవారు సంఘహితైషులే. అద్దె వచ్చినచో పేదవిద్యార్థుల వేతనములు పెరుగును. ఇది చిన్న ప్రయోజనము గాదు. మన పిల్లలు మఱల ఎద్దు వెనుక తిరుగవలెనని మేమును కోరము. పట్టణములలో గానుగనూనెకు గిరాకి మరలి వచ్చినదని, దానిని అమ్మువారిలో మనవారు కొలదిమందియే యనియు మాత్రము గుర్తు చేయుచున్నాము.

మేము కోరునది యొక్కటే. ఓటు వేయుటకు పూర్వము రెండు పద్దులు వ్రాసి సభ యెదుట నుంచుడు. ఒకదానిలో దుకాణముల అద్దె వ్రాయుడు. రెండవదానిలో ఆ బావి వేసవిలో ఎన్ని యిండ్లకు నీరిచ్చుచున్నదో, ఆ చెట్ల నీడ ఎవరికి దక్కుచున్నదో, ఒక గానుగనైనను నిలిపి మన యువకులచేత నడపించినచో వచ్చు నూనె యెంతయో, పిండి యెంతయో వ్రాయుడు. మొదటి పద్దు ఎల్లరును వ్రాయగలరు. రెండవ పద్దు వ్రాయుట నేర్పుటకే కుమారప్పగారు తమ జీవితము ధారవోసిరి. రెండును చూచిన పిమ్మట పెద్దలు ఏది నిర్ణయించినను మాకు శిరోధార్యము. ఆ స్థలము మన తాతలు ఇచ్చినది, మన మనుమలది, మనము దానికి లెక్క చెప్పవలసిన ధర్మకర్తలము.